పొగ మానలేని దోషమెవరిది?

దురభ్యాసమును విడిచినవాడు, విడువలేనివానిని చూచి "నీకు పట్టుదల లేదు" అనుట లోకమున తరచుగా వినబడు మాట. ఆ మాటలో నిజము లేకపోలేదు. వ్రేళ్ళ నడుమనున్న సిగరెట్టును పారవేయవలసినవి ఆ వ్రేళ్ళే. మరియొకరు వచ్చి ఆ పని చేసిపెట్టలేరు. అయినను ఆ మాటయే సంపూర్ణసత్యమైనచో ఒక చిక్కు వచ్చును. పట్టుదల యను గుణము ధనవంతుల యిండ్లలో విస్తారముగను, పేదల యిండ్లలో అరుదుగను పుట్టుచున్నదని ఒప్పుకొనవలసి యుండును. ఒక జాతివారికి అది ఎక్కువగను, వేరొక జాతివారికి తక్కువగను లభించినదని చెప్పవలసి యుండును. ఏలయన, పొగ మానినవారి లెక్కలు అట్లే యున్నవి. మానవులందరి యందును ఆత్మబలము సమానమని నమ్మువారు ఈ లెక్కలను చూచి మౌనముగా దాటిపోరాదు. లెక్క తప్పు కావలెను. లేదా ఆ నమ్మకము తప్పు కావలెను. లేదా "పట్టుదల లేదు" అను తీర్పు తప్పు కావలెను. ఈ మూడింటిలో తప్పు ఎచ్చట నున్నదో విచారించుట అవసరము.

ఈ విచారణకు అమెరికా సంయుక్త రాష్ట్రములు తగిన స్థలము. ఆ దేశమున పొగత్రాగువారిని జాతిని బట్టి, చదువును బట్టి, ఆదాయమును బట్టి లెక్కించు పద్ధతి చాలకాలముగా నున్నది. 1964 జనవరి 11వ తేదీన ఆ దేశపు సర్జన్ జనరల్ లూథర్ టెర్రీ వెలువరించిన నివేదిక, సిగరెట్టు ఊపిరితిత్తుల క్యాన్సరునకు కారణమని ప్రభుత్వపక్షమున ప్రకటించెను. 1965లో అచ్చటి వయోజనులలో నూటికి సుమారు 42 మంది సిగరెట్టు త్రాగెడివారు. 2021 నాటికి ఆ సంఖ్య నూటికి 12 కంటె తగ్గినది. ఇది సామాన్యమైన విజయము కాదు. కాని ఆ విజయఫలము అందరి ముంగిటను సమానముగా వ్రాలలేదు. 2021 లెక్కల ప్రకారము, ఉన్నత పాఠశాల చదువు నడుమ మానివేసి తరువాత దానికి సమానమైన పరీక్ష వ్రాసి గట్టెక్కినవారిలో నూటికి 30 మంది పొగత్రాగుచుండగా, పట్టభద్రతకు పైచదువులు చదివినవారిలో నూటికి ముగ్గురు మాత్రమే త్రాగుచుండిరి. ఏడాదికి 35 వేల డాలర్లకు తక్కువ ఆదాయము గల కుటుంబములలో నూటికి 18 మంది. లక్ష డాలర్లును అంతకు పైనను గల కుటుంబములలో నూటికి ఏడుగురు. ఆ నేలకు మొదటి వారసులైన ఆదివాసులలో 2020లో నూటికి 27 మంది. ఒకనాడు సంపన్నుల విందుశాలలలో గౌరవము పొందిన పొగ, వారిని విడిచి పేదవాడలలో స్థిరనివాస మేర్పరచుకొన్నది.

పేదలకు మానవలెనను కోరిక లేదేమో యని ఎవరైన అనవచ్చును. దానికిని లెక్కలు సమాధానము చెప్పుచున్నవి. ఆ దేశపు వ్యాధినియంత్రణ కేంద్రములు 2015వ సంవత్సరపు వివరములను సేకరించి, 2017లో ప్రకటించినవి. పొగత్రాగు నల్లజాతివారిలో నూటికి 73 మంది మానవలెనని కోరిరి. మొత్తము దేశమున అట్లు కోరినవారు నూటికి 68 మంది. గడచిన యేడాదిలో ఒక్కమారైనను మానుటకు ప్రయత్నించినవారు నల్లజాతివారిలో నూటికి 63 మంది, శ్వేతజాతివారిలో 53 మంది. ప్రయత్నము ఫలించి మానివేయగలిగినవారు మాత్రము శ్వేతజాతివారిలో నూటికి ఏడుగురు, నల్లజాతివారిలో ఐదుగురు. కోరిక ఎక్కువ, ప్రయత్నము ఎక్కువ, ఫలము తక్కువ. అంతేకాదు; నల్లజాతివారు సామాన్యముగా శ్వేతజాతివారి కంటె ఎక్కువ వయస్సున ఈ అలవాటును మొదలుపెట్టుదురు, రోజునకు తక్కువ సిగరెట్లు కాల్చుదురు. తక్కువ కాల్చి, ఎక్కువ కోరి, ఎక్కువసార్లు యత్నించి, తక్కువగా గెలుచుచున్న వానిని చూచి "నీకు పట్టుదల లేదు" అనువాడు లెక్కను తలక్రిందుగా చదువుచున్నాడు.

అట్లయిన లోపించినదేమి? మానుటకు తోడ్పడు సాధనములు లోపించినవి. నికొటిన్ అను పదార్థము పొగతో పాటు ఊపిరితిత్తులలో చేరి కొలది క్షణములలోనే మెదడునకు ఎక్కును. దానికి అలవాటుపడిన మెదడు, అది అందనప్పుడు చిరాకును, నిద్రలేమిని, మనసు నిలువకుండుటను పుట్టించును. ఈ బాధ మొదటి దినములలో తీవ్రముగా నుండి, కొన్ని వారములకు తగ్గును. ఏ సహాయమును లేక కేవలము మనోబలముతో మానబూనినవారిలో నూటికి ఐదుగురికి మించి ఏడాదిపాటు నిలువగలుగుట కష్టమని వైద్యులకు తెలిసిన విషయమే. నికొటిన్ పట్టీలు, నమలెడి బిళ్ళలు, వరెనిక్లిన్ వంటి మందులు, వానికి తోడుగా అనుభవజ్ఞుల సలహా లభించినచో గెలుచువారి సంఖ్య రెట్టింపగును, అంతకు మించియు పెరుగును. 2015లో ఇట్టి సహాయమును వినియోగించుకొన్నవారు శ్వేతజాతివారిలో నూటికి 34 మంది, నల్లజాతివారిలో 29 మంది, లాటిన్ అమెరికా మూలములు గలవారిలో 19 మంది. స్వంత వైద్యబీమా గలవారిలో నూటికి తొమ్మిదిమంది మానగలుగగా, ఏ బీమాయు లేనివారిలో ఐదుగురే మానగలిగిరి. మందు గలవాని సంకల్పమును, మందు లేనివాని సంకల్పమును ఒకే త్రాసున తూచుట న్యాయమా?

సాధనములు లేకుండుట ఒక కష్టము. ఆటంకములను పనిగట్టుకొని తెచ్చిపెట్టుట వేరొక కష్టము. పిప్పరమింటు పువ్వని మన యిండ్లలో పిలుచు మెంథాల్‌ను చేర్చిన సిగరెట్ల చరిత్ర ఇందుకు సాక్ష్యము. మెంథాల్ గొంతునకు చల్లదనము కలిగించి పొగ ఘాటును కప్పిపుచ్చును. అందువలన క్రొత్తవాడు సులభముగా అలవాటుపడును, అలవాటుపడినవాడు మానలేడు. 1950 దశకమున పొగత్రాగు నల్లజాతివారిలో ఈ రకమును వాడువారు నూటికి పదిమంది యైనను లేరు. ఇప్పుడు సుమారు 85 మంది కలరు. ఇది రుచిభేదము వలన దానంతట అది జరిగిన మార్పు కాదు. నల్లజాతివారు చదువు పత్రికలలో ప్రకటనలు నింపిరి. వారి సంగీతోత్సవములకు సిగరెట్టు పేర్లు పెట్టిరి. వారి పేటలలో బండ్లు నిలిపి ఉచితముగా సిగరెట్లు పంచిరి. వారి విద్యాలయములకు, పౌరహక్కుల సంఘములకు, పత్రికలకు విరాళములిచ్చిరి. విరాళము పుచ్చుకొన్న నోరు దాతను ప్రశ్నించుటకు జంకును. దానము పేరిట మౌనమును కొనుగోలు చేయుట కంటె సూక్ష్మమైన హింస మరియొకటి లేదు. మెంథాల్ వలన మానుట కష్టతరమగుచున్నదని, ముఖ్యముగా నల్లజాతివారి విషయమున అట్లు జరుగుచున్నదని, ఆ దేశపు ఆహార, ఔషధ పరిపాలన సంస్థ 2013లో శాస్త్రపరిశీలన చేసి తేల్చినది.

ఈ కథలో ఒక విచిత్రమును మరువరాదు. వర్జీనియా యను పేరు ఆంధ్రరైతునకు పరిచితమే. ఆ పేరు గల ప్రాంతమున 1612 ప్రాంతమున ఇంగ్లీషువారు పొగాకు సాగు మొదలుపెట్టిరి. 1619లో ఆ వలసకు ఆఫ్రికావారిని తెచ్చి విక్రయించిరి. పొగాకు పొలములలో తరతరములు బానిసలుగా వెట్టిచాకిరి చేసినవారి సంతతియే నేడు ఆ పొగాకును మానలేక వ్యాధులపాలగుచున్నది. ఆ పైరు మొదట వారి శ్రమను హరించినది. తరువాత వారి ఊపిరిని హరించుచున్నది. ఆదివాసుల గాథ ఇంకను విషాదకరము. వారికి పొగాకు పవిత్రమైన ఆకు. ప్రార్థనలలో, ఒడంబడికలలో దానిని వినియోగించెడివారు. వారి మతాచారములను ప్రభుత్వము చాలకాలము అణచివేసినది. 1978లో చేసిన చట్టముతోగాని వానికి రక్షణ లభింపలేదు. ప్రార్థనకు పొగాకు నిషిద్ధమైన కాలమున దుకాణములో సిగరెట్టు మాత్రము స్వేచ్ఛగా దొరకినది.

పేదవాని దినచర్యను కూడ చూడవలెను. ప్రతి వీధిమూలను పొగాకు దుకాణము, ప్రతి గోడను తగ్గింపు ధరల ప్రకటన గల పేటలో అతడు నివసించును. అతడు పనిచేయు కర్మాగారపు ముంగిట తోటివారు పొగత్రాగుచుందురు. అద్దె చెల్లింపవలసిన తేదీ, పని పోవునేమో యను భయము, బిడ్డ జబ్బు, వీని నడుమ అతనికి దొరకు విరామము ఆ ఐదు నిమిషములే. నికొటిన్ లేమివలన కలుగు చిరాకును సిగరెట్టు తీర్చును. ఆ చిరాకును పుట్టించినదియు సిగరెట్టే. అయినను అలసిన మనసునకు తీర్చిన సంగతియే గుర్తుండును. ఉద్యోగి కొన్ని దినములు సెలవు పెట్టి ఆ బాధను ఓర్చుకొనగలడు. రెండు చోట్ల కూలిచేయువాడు ఓర్పు తప్పి యజమానిపై నోరు జారినచో కూడే పోవును. ఒకే పరీక్ష ఒకనికి నీడలోను, మరియొకనికి ఎండలోను పెట్టి, మార్కులు మాత్రము సమానముగా అడుగుచున్నారు.

ఇచ్చట ఒక గట్టి ఆక్షేపణ కలదు. దోషమంతయు పరిస్థితులదే యన్నచో మనుష్యుడు కేవలము గాలికి ఎగురు ఎండుటాకు కాడా? పేదవానికి సంకల్పశక్తి యుండదని చెప్పుట అతనిని మరియొక విధముగ అవమానించుట కాదా? ఈ ఆక్షేపణ కొట్టివేయదగినది కాదు. దీనికి వాదము కంటె రెండు దృష్టాంతములు మంచి సమాధాన మిచ్చును.

మొదటిది మసాచుసెట్స్ రాష్ట్రపు అనుభవము. 2006 జూలైలో ఆ రాష్ట్రము పేదల ప్రభుత్వ వైద్యబీమాలో పొగ మానుటకు కావలసిన మందులను, సలహాను చేర్చెను. రోగి చెల్లింపవలసినది స్వల్పము. పదివేలకొలది జనులు ముందుకు వచ్చిరి. సుమారు రెండున్నర యేండ్లలో ఆ బీమాలోని వయోజనులలో పొగత్రాగువారు నూటికి 38 నుండి 28కి తగ్గిరి. ఆ సహాయమును వాడుకొన్నవారిలో గుండెపోటుతో ఆసుపత్రి చేరువారి సంఖ్యయు తగ్గినది. వారు మునుపటి మనుష్యులే, వారి పేటలు మునుపటి పేటలే, వారి కష్టములు మునుపటి కష్టములే. క్రొత్తగా చేరినది చేయూత మాత్రమే. వారి యందు సంకల్పము ముందే లేకున్నచో మందుచీటి దానిని పుట్టించియుండదు.

రెండవది ఫిలడెల్ఫియా నగరపు అనుభవము. 1989 చివర ఒక గొప్ప సిగరెట్టు సంస్థ నల్లజాతివారి కొరకే ఉద్దేశించిన "అప్‌టౌన్" అను క్రొత్త మెంథాల్ సిగరెట్టును ఆ నగరమున ప్రయోగాత్మకముగా విక్రయింపనున్నట్లు ప్రకటించెను. అచ్చటి చర్చి పెద్దలు, వైద్యులు, పేటల సంఘములవారు కూడి ఎదురుతిరిగిరి. 1990 జనవరి 18వ తేదీన ఆరోగ్యశాఖామాత్యుడు, స్వయముగ నల్లజాతివాడు అయిన లూయీ సల్లివన్ ఆ నగరముననే ఆ సంస్థను బహిరంగముగ ఖండించెను. మరునాడే ఆ సంస్థ తన ప్రయత్నమును విరమించుకొన్నది. ఒక్కొక్కరుగా సిగరెట్టు నెదిరింపలేకపోయిన జనులు, కలిసి నిలిచి దానిని ఊరిలో అడుగుపెట్టనీయలేదు. వీరిని ఎండుటాకులనుట ఎట్లు?

ఈ రెండు దృష్టాంతములను కలిపి చూచినచో బాధ్యత యెట్లు విభజింపబడవలెనో తెలియును. విత్తు మొలకెత్తుటకు తనలో జీవము కావలెను. ఆ జీవము నేల ఇయ్యలేదు. కాని రాతిపై పడిన విత్తు మొలకెత్తనందుకు విత్తును నిందించువాడు వ్యవసాయమెరుగడు. సంకల్పము వ్యక్తిది. ఆ సంకల్పము నిలుచుటకు కావలసిన నేల సంఘముది. ఒకరి భాగమును చెల్లింపక రెండవవారి భాగమును గట్టిగా అడుగుట అన్యాయము. వ్యక్తి తన భాగమును చెల్లించుచునే యున్నాడు. నూటికి 63 మంది ఏటేటా ప్రయత్నించుటయే అందులకు రశీదు. బాకీ పడినది రెండవ పక్షమువారే.

సంఘము తన భాగమును చెల్లింపబూనినప్పుడును చిక్కులు లేకపోలేదు. పన్ను పెంచినచో పొగత్రాగువారు తగ్గుదురు; పేదలలో ఎక్కువగా తగ్గుదురు. ఇది పెక్కు దేశములలో రుజువైనది. కాని పన్ను పెంచి, మందు ఇయ్యకున్నచో, మానలేక మిగిలిన పేదవాడు తన బిడ్డల పాలకు పెట్టవలసిన సొమ్మును ప్రభుత్వమునకు చెల్లించును. ఒక చేత పన్ను పుచ్చుకొనువారు రెండవ చేత చికిత్స ఇచ్చినప్పుడే ఆ పన్ను ధర్మమగును.

మెంథాల్ నిషేధము విషయమున ధర్మసంకట మింకను తీవ్రము. 2009లో అమెరికా చట్టసభ రుచులు కలిపిన సిగరెట్లను నిషేధించుచు మెంథాల్‌ను మాత్రము మినహాయించెను. 2022 ఏప్రిల్‌లో ఆ మినహాయింపును తొలగింప ప్రతిపాదన వచ్చినది. దానిపై నల్లజాతి నాయకులే రెండుగ చీలిరి. నల్లజాతివారి ప్రాచీన పౌరహక్కుల సంఘము నిషేధమును కోరినది. మరికొందరు 2014 జూలైలో న్యూయార్కు నగరమున జరిగిన ఘోరమును గుర్తుచేసిరి. పన్ను చెల్లింపని విడి సిగరెట్లు అమ్ముచున్నాడను అనుమానముపై ఎరిక్ గార్నర్ అను నల్లజాతీయుని పోలీసులు పట్టుకొని మెడను బిగింపగా అతడు మరణించెను. నిషేధము పోలీసులకు మరియొక నెపమగునని వారి భయము. నిషేధము తయారుచేయువారిపైనను, అమ్మువారిపైననే కాని త్రాగువారిపై నుండదని ప్రభుత్వము చెప్పినను భయము తీరలేదు. 2024 ఏప్రిల్‌లో ప్రభుత్వము నిర్ణయమును వాయిదా వేసినది. 2025 జనవరిలో ప్రతిపాదననే ఉపసంహరించుకొన్నది. కెనడా 2017లోను, ఐరోపా సమాజము 2020లోను మెంథాల్ సిగరెట్లను నిషేధించినవి. కెనడాలో మెంథాల్ త్రాగువారు ఇతరుల కంటె ఎక్కువగా మానివేసిరని పరిశోధకులు కనుగొనిరి. ఒక వైపు ఊపిరి పీల్చుకొను హక్కు, మరియొక వైపు పోలీసు చేతిలో ఊపిరి ఆగునేమో యను భయము. రక్షకులపై నమ్మకము లేని జనులకు మేలు చేయు చట్టమును కూడ అందించుట కష్టమని ఈ సంఘటన బోధించుచున్నది.

ఈ విచారణ దూరదేశపు వృత్తాంతముగనే మిగిలిపోరాదు. భారతదేశమున 2016-17లో జరిగిన వయోజనుల పొగాకు సర్వే ప్రకారము పొగత్రాగువారిలో నూటికి 55 మంది మానదలచిరి. గడచిన యేడాదిలో 38 మంది ప్రయత్నించిరి. ఇచ్చటను సిగరెట్టు కంటె బీడీ త్రాగువారే ఎక్కువ, బీడీ త్రాగువారిలో పేదలే ఎక్కువ. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలో స్త్రీలు నిప్పుకొనను నోటిలో నుంచుకొని చుట్ట కాల్చు ఆచారము, దాని వలన అంగిటికి కలుగు క్యాన్సరు వైద్యలోకమునకు చిరపరిచితము. 1970 దశకము చివర పరిశోధకులు శ్రీకాకుళ మండలముతో పాటు కేరళ, గుజరాతు గ్రామములకు వెళ్ళి, 36 వేలమంది పొగాకు వాడువారిని కలిసికొని, నోరు పరీక్షించి, ఎదుట కూర్చుండి నచ్చజెప్పిరి. ఏటేటా మరల వచ్చి అడిగిరి. మానినవారును, తగ్గించినవారును పెరిగిరి. నోటిలోని వ్యాధిచిహ్నములు తగ్గినవి. చదువు లేనివారు మాట వినరని చెప్పువారికి ఆ గ్రామములు సమాధానమిచ్చినవి. వారికి అంతవరకు మాట చెప్పినవారే లేరు.

తెలుగునేలకు మరియొక బాధ్యతయు కలదు. ప్రకాశము, గుంటూరు, గోదావరి మండలములలో వర్జీనియా పొగాకు పండించు కుటుంబములు, నిజామాబాదు, కరీంనగరములలో బీడీలు చుట్టి పొట్టపోసికొను స్త్రీలు వేలకొలది కలరు. 1976 నుండి పొగాకు బోర్డు గుంటూరులోనే యున్నది. వారి కాయకమును హేళన చేయు హక్కు ఎవరికిని లేదు. కాని పండించువాని కూటికి మరియొక త్రోవ చూపక, త్రాగువానికి చికిత్స చూపక, ఇరువురికిని నీతులు మాత్రము చెప్పు సంఘము తన భాగమును ఎగవేయుచున్నదని తెలిసికొనవలెను.

మొదట ప్రస్తావించిన మూడింటిలో లెక్క తప్పు కాదు. మానవులందరి యందును ఆత్మబలము సమానమను నమ్మకమును తప్పు కాదు. తప్పు తీర్పులో నున్నది. కావున ఇంట పెద్దలు, ఊర పెద్దలు, ధర్మసంస్థల నిర్వాహకులు పొగ మానలేనివానిని కలిసికొన్నప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న "ఏల మానవు?" అని కాదు, "ఎన్నిసార్లు యత్నించితివి? అప్పుడు నీ ప్రక్కన ఎవరుండిరి?" అని. ప్రభుత్వాసుపత్రిలో సలహా దొరకు చోటును చెప్పుట, 2016 నుండి భారత ప్రభుత్వము నడుపుచున్న ఉచిత దూరవాణి సహాయసంఖ్య 1800-11-2356ను తెలుపుట, మొదటి వారము అతని కోపమును ఇంటివారు ఓర్చుకొనునట్లు చెప్పుట, మరల జారినచో హేళన చేయకుండుట, ఇవి ఎవరైనను చేయదగిన పనులు. పలుమార్లు ఓడి మరల యత్నించువానికి పట్టుదల లేదనుట అసత్యము. ఆ పట్టుదలకు తోడు నిలువకుండుటయే దోషము. ఆ దోషము చూచుచు నిలిచినవారిది.